సాధారణ నివాసం: గాజువాక

నాన్న ఓడలో పనిచేస్తున్నారని, సెలవు దొరకగానే వస్తారని అమ్మ చెప్పేది. హార్బర్‌లోకి వెళ్లడానికి వంతు కోసం సముద్రంలో లంగరు వేసుకున్న ఓడలు విశాఖ బీచ్ రోడ్డు నుంచి ఎప్పుడూ కనిపిస్తాయి గనుక, వాటిలో ఏదో ఒకదాని మీద ఆయన ఉన్నారని నేను నమ్మాను. పెద్దదాన్నయ్యాక ఓడ సంగతి నమ్మకపోయినా, ఆయన రాలేకపోవడానికి కారణం ఏదో గొప్పదే అయి ఉంటుందన్న నమ్మకం మాత్రం పోలేదు. బంధువుల్లో ఎవరైనా ఒక్క మాట అంటే ఆయన తరఫున నేనే వాదించేదాన్ని.

ఆయన మరణవార్త తెచ్చిన అబ్బాయి నన్ను "అక్కా" అని పిలిచాడు. వాళ్లు కుటుంబ సభ్యుల ధ్రువపత్రానికి దరఖాస్తు చేస్తే, విచారణలో మా అమ్మ పేరు బయటపడి, కోర్టుకు వెళ్లమన్నారట. బ్యాంకు డిపాజిట్లకు నామినీ లేరు. వకీలు సలహా మీద అందరం కలిసి 1925 నాటి భారత వారసత్వ చట్టం కింద సక్సెషన్ సర్టిఫికెట్‌కు పిటిషన్ వేశాం.

ఆ చట్టం 372వ సెక్షన్ ప్రకారం మరణించిన వ్యక్తి సాధారణ నివాసాన్ని, కుటుంబ సభ్యుల వివరాలను పిటిషన్‌లో చూపాలి. సాధారణ నివాసం అన్నచోట గుమాస్తా గాజువాక అని టైపు చేశాడు. మేముండేది వన్‌టౌన్‌లో. సింధియా, మల్కాపురం మీదుగా వెళ్లే సిటీ బస్సు ఎక్కితే చాలు, గాజువాకలో దిగవచ్చు. ఓడ ఉద్యోగం నేను పుట్టకముందే మానేసి, ఆయన హార్బర్ దగ్గర ఒక క్లియరింగ్ ఏజెన్సీలో పనిచేశారని తమ్ముడు తెచ్చిన కాగితాల్లో ఉంది. అంటే రోజూ మా ఇంటి దరిదాపులకు వచ్చి వెళ్లారు.

ఆయన దుర్మార్గుడని తేలినా ఇంత బాధ ఉండేది కాదేమో. సాయంత్రం కూరగాయలు పట్టుకుని ఇంటికి చేరి, పిల్లల ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టి, బీపీ మాత్ర వేసుకుని పడుకునే మామూలు తండ్రిగా మరో ఇంట్లో బతికారని తెలియడమే నన్ను కోసేసింది. అమ్మను నిలదీస్తే, "జ్వరంలో కూడా ఆయన్నే కలవరించేదానివి, ఏం చెప్పమంటావే?" అంది. ఆ తరువాత ఆమెను ఏమీ అడగలేకపోయాను.

1955 నాటి హిందూ వివాహ చట్టం 16వ సెక్షన్ ప్రకారం చెల్లని వివాహంలో పుట్టిన పిల్లలకూ తల్లిదండ్రుల ఆస్తిలో హక్కు ఉంటుంది. అందుచేత అమ్మకు, నాకు, తమ్ముడికి, చెల్లెలికి సమాన భాగాలు వచ్చాయి. వాళ్ల అమ్మకు ఏమీ రాలేదు. చివరిదాకా ఆయనకు సేవ చేసిన మనిషికి ఏమీ రాకపోవడం న్యాయమని నాకు ఇప్పటికీ అనిపించదు. పత్రికా ప్రకటన, అభ్యంతరాల గడువు మామూలుగానే గడిచిపోయి, సర్టిఫికెట్ చేతికొచ్చింది.

నా భాగాన్ని అమ్మ పేరిట డిపాజిట్ చేశాను. సంవత్సరీకానికి రమ్మని తమ్ముడు ఫోన్ చేస్తే వస్తానన్నాను. అమ్మ రానంది, నేను బలవంతపెట్టలేదు.