కావలి జాబితాలో దొరికిన అత్తయ్య ఓటు

2025 డిసెంబరు 19న తమిళనాడు ముసాయిదా ఓటరు జాబితా బయటికొచ్చింది. ఆ రాత్రి గిన్నెలు కడుక్కుని, ఫోన్ తీసుకుని మా ముగ్గురి కార్డు నంబర్లూ ఒక్కొక్కటే కొట్టి చూశాను. నాది వచ్చింది. మా ఆయనది వచ్చింది. అత్తయ్యది కొడితే వివరాలు లేవని చూపించింది. అంకె తప్పు కొట్టానేమోనని కార్డు లైటు కింద పెట్టుకుని మళ్లీ కొట్టాను. నాలుగోసారీ అదే మాట.

మాది నెల్లూరు జిల్లా కావలి. 2008లో చెన్నై వచ్చాం. అప్పట్నుంచీ పెరంబూరులోనే అద్దెకుంటున్నాం. 2023లో ఇంటాయన కొడుక్కి పెళ్లయి ఇల్లు కావాలంటే రెండు వీధుల అవతలికి మారాం. అప్పుడు ఫారం 8 పెట్టి నా ఓటు, మా ఆయన ఓటు కొత్త చిరునామాకు మార్చుకున్నాం. అత్తయ్య ఆ నెలల్లో కావలిలో మా ఆడపడుచు దగ్గర ఉన్నారు. వచ్చాక చేద్దాంలే అనుకుని వదిలేశాం. ఆ తప్పు మాది. నవంబరులో ఎస్‌ఐఆర్, అంటే ఓటరు జాబితా ప్రత్యేక సమగ్ర సవరణ, ఫారాలు పట్టుకుని బీఎల్‌వో (బూత్ స్థాయి అధికారి) పాత ఇంటికి వెళితే, అక్కడున్నవాళ్లు ఇల్లు మారిపోయారని చెప్పారట. ఎక్కడికని ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. తీసేసిన పేర్ల జాబితాలో అత్తయ్య పేరు పక్కన ‘ఇల్లు మారారు’ అని కారణం రాసి ఉంది. మారిన ఇల్లు అక్కణ్నుంచి అయిదు నిమిషాల నడక.

రాష్ట్రంలో అంతకుముందు 6.41 కోట్ల ఓటర్లుంటే ముసాయిదాలో 5.43 కోట్లు మిగిలారు. 97 లక్షలకు పైగా పేర్లు పోయాయి. ఒక్క చెన్నై జిల్లాలోనే 14 లక్షలకు పైగా. వీళ్లలో చనిపోయినవాళ్లున్నారు, రెండేసి చోట్ల పేర్లున్నవాళ్లున్నారు. పక్కింట్లో రైల్వేలో చేసి రిటైరైన పెద్దాయన ఇదే చెప్పారు. వాళ్ల అన్నగారు పోయి ఏడేళ్లయినా జాబితాలో పేరు అలాగే ఉందట. “అమ్మా, ఆ పేరు మీద ఎవడో వచ్చి వేలు చాపితే ఎవరు ఆపుతారు? కడగాల్సిందే” అన్నారు. ఆయన మాట నిజమే. జాబితా శుభ్రంగా ఉండాలని నాకూ ఉంది. కానీ ఈ ఊళ్లో సొంతిల్లున్నవాళ్లు ఎందరు, పదకొండు నెలల అగ్రిమెంటు మీద బతికేవాళ్లు ఎందరు? తలుపు తట్టి, ‘లేరు’ అన్న ఒక్క మాటకే పేరు కొట్టేస్తే ముందు పోయేది అద్దెకుండేవాళ్ల పేర్లే. బీఎల్‌వోలను అని లాభం లేదు. మా బూత్‌కు వచ్చినామె అంగన్‌వాడీలో పనిచేస్తుంది. పగలంతా పిల్లలను చూసుకుని, చీకటి పడ్డాక ఫారాలు పట్టుకుని మెట్లెక్కి దిగుతుంటే కళ్లారా చూశాను.

ఎస్‌ఐఆర్‌లో అసలు చిక్కు నాకు అప్పుడు అర్థమైంది. 2002 ప్రాంతంలో జరిగిన పాత సమగ్ర సవరణ జాబితాలో మన పేరో, అమ్మానాన్నల పేరో చూపించగలిగితే గట్టెక్కినట్టే. చూపించలేకపోతే జనన ధ్రువీకరణ, పాస్‌పోర్టు, పదో తరగతి సర్టిఫికెట్ లాంటి పదకొండు పత్రాల్లో ఏదో ఒకటి కావాలి. అత్తయ్య అయిదో తరగతితో బడి మానేశారు. మంత్రసాని చేతుల్లో పుట్టిన మనిషికి జనన ధ్రువీకరణ ఎక్కడుంటుంది? రేషన్ కార్డు ఆ పదకొండులో లేదు. ఎన్నికల సంఘం తన చేత్తో ఇచ్చిన ఓటరు కార్డూ లేదు. బీహార్ ఎస్‌ఐఆర్ కేసులో 2025 సెప్టెంబరు 8న సుప్రీంకోర్టు చెప్పాక ఆధార్‌ను తీసుకుంటున్నారు గానీ, అది మనిషి ఎవరన్నదానికే తప్ప పౌరసత్వానికి రుజువు కాదు. ఓటు వేసే రోజైతే ఫొటో ఉన్న బ్యాంకు పాస్‌బుక్ చూపించినా లోపలికి పంపిస్తారు. కాకపోతే ముందు జాబితాలో పేరుండాలి. ఇన్నేళ్లూ కార్డు చేతిలో ఉంటే ఓటు ఉన్నట్టేననుకున్నాను.

2002లో అత్తయ్య కావలిలోనే ఉన్నారు. వేరే రాష్ట్రం జాబితా అయినా చెల్లుతుందని తెలిసి ఆంధ్రప్రదేశ్ పాత జాబితాలు వెతకడం మొదలుపెట్టాను. పోలింగ్ కేంద్రానికొక ఫైలు. పేరు కొట్టి వెతికే వీలు లేదు, పేజీ పేజీ కళ్లతో చదవాల్సిందే. మూడు రాత్రులు చదివాను. ఇంటి నంబరు, పేరు, తండ్రో భర్తో, వయసు. మూడో రాత్రి అత్తయ్య తన ట్రంకు పెట్టె అడుగు నుంచి చీర మడతల్లో దాచిన పాత ఓటరు కార్డు తీసిచ్చారు. శేషన్ గారు ప్రధాన ఎన్నికల కమిషనర్‌గా ఉండి 1993లో ఫొటో గుర్తింపు కార్డులకు ఉత్తర్వులిచ్చాక మా ఊళ్లో బడి వరండాలో కూర్చోబెట్టి ఫొటోలు తీసిన నాటిది. నలుపు తెలుపు ఫొటో, ప్లాస్టిక్ అంచులు లేచిపోయి, నంబరు మధ్యలో గీతలతో. దాని వెనకున్న వీధి పేరు చూసి ఫైలు మార్చాను. పదకొండో పేజీలో మామయ్య పేరు, కిందనే అత్తయ్య పేరు. మామయ్య పోయి పన్నెండేళ్లు. అత్తయ్య ఫోన్ చేతిలోకి తీసుకుని ఆ రెండు వరుసలనూ చాలాసేపు చూశారు.

“నలభై ఏడేళ్లా? అంతేలే, అప్పటికి అంతే” అన్నారు.

శనివారం బడిలో పెట్టిన శిబిరానికి వెళ్లాం. జాబితాలో లేనివాళ్లు ఫారం 6, దానితోపాటు డిక్లరేషన్ ఇవ్వాలి. ఫారం 6 అంటే కొత్త ఓటరు దరఖాస్తు. 1977లో మొదటి ఓటు వేసిన మనిషి, అప్పట్లో ఇరవై ఒకటి నిండితేనే ఓటు ఇచ్చేవాళ్లు, పద్దెనిమిదేళ్ల పిల్లల వరుసలో నిలబడి కొత్త ఓటరుగా సంతకం పెట్టారు. నాకు గొంతు పట్టేసింది. అత్తయ్య మాత్రం ముందున్న పిల్లాణ్ని “ఏ ఊరు నాయనా” అని అడుగుతున్నారు.

అక్కడ పేరు దగ్గర పేచీ వచ్చింది. కావలి జాబితాలో ఇంటిపేరు ముందు, పేరు వెనక. తమిళనాడు కార్డులో ఇంటిపేరు లేదు, మామయ్య పేరులోని మొదటి అక్షరం ఇనిషియల్. పైగా అత్తయ్య పేరు చివరి ‘అమ్మ’ ఇక్కడ ‘అమ్మాళ్’ అయింది. మధ్యలో ఉన్న ‘బ’ తమిళంలో ‘ప’లాగే రాస్తారు. కాగితం మీద చూస్తే ఇద్దరు మనుషులు. బల్ల దగ్గరున్నతను “ఇది వేరే ఆవిడ పేరమ్మా” అనేశాడు. మా బీఎల్‌వోకు కొంచెం తెలుగు వచ్చు. ఆమె రెండు కార్డులూ పక్కపక్కన పెట్టి, భర్త పేరు ఒకటే, వయసు లెక్క సరిపోతుందని చూపించి, పాత కార్డు జిరాక్స్ జత చేసి తీసుకుంది.

జనవరిలో విచారణకు రమ్మని నోటీసు వచ్చింది. ఆఫీసు మొదటి అంతస్తులో. మోకాళ్ల నొప్పులతో ఆ మెట్లు ఎక్కడానికి అత్తయ్యకు పావుగంట పట్టింది. ముసలివాళ్లను కింద కూర్చోబెట్టి అడిగితే ఏం పోయింది? అధికారి తమిళంలో అడుగుతుంటే నేను తెలుగులో చెప్పాను. 2002లో ఎక్కడున్నారని అడిగాడు. “కావలిలో, బాబూ. మా ఆయనతో” అన్నారు. అంతే, రెండు నిమిషాల్లో అయిపోయింది. దానికోసం మా ఆయన ఒకరోజు జీతం పోగొట్టుకున్నాడు. వెంట వచ్చేవాళ్లు లేని ముసలివాళ్లు ఆ వరండాలో ఇంకా ముగ్గురున్నారు. ఒకావిడ తన నోటీసులో ఏముందో చదివి చెప్పమని నన్నే అడిగింది.

తుది జాబితాలో పేరు వచ్చింది. అత్తయ్యను పిలిచి చూపించాను.

“ఏందమ్మాయ్, ఇంకా అమ్మాళ్ అనే ఉందా?”

“ఉందత్తయ్యా. దిద్దించుకోవచ్చు.”

“మీ మామయ్య పేరు సరిగ్గా పడిందా?”

పడింది. అయితే చాలన్నారు. వరుస సంఖ్య, భాగం సంఖ్య వంటింటి క్యాలెండరు మీద రాయించుకున్నారు. పేరు సవరణకు ఫారం 8 మొన్న పెట్టాను. ఈసారి ఆలస్యం చేయలేదు.