పెద్దమ్మ ఉత్తరం కోసం పెడన దాకా

మా పెద్దమ్మకు 79 ఏళ్లు. తెనాలిలో ఒక్కతే ఉంటుంది. రెండేళ్లుగా చెవులు సరిగా వినబడటం లేదు. ఫోన్ చేస్తే నేను అరవడం, ఆవిడ "ఆఁ? ఏంటే?" అనడం, చివరికి పక్కింటి అమ్మాయి ఫోన్ అందుకుని "బాగానే ఉన్నారక్కా" అని చెప్పడం. పెట్టేశాక ఇద్దరికీ తృప్తి ఉండదు. కళ్లు మాత్రం శుక్లాల ఆపరేషన్ అయ్యాక భేషుగ్గా ఉన్నాయి. పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వదలకుండా చదువుతుంది. అందుకే ఉత్తరం రాద్దామనుకున్నాను.

అనుకోగానే ఆవిడ వంటింటి గుమ్మం పక్కన వేలాడే తీగ గుర్తొచ్చింది. పైన కొక్కెం, అడుగున చెక్క బిళ్ల, మధ్యలో గుచ్చిన కార్డులు, ఇన్‌లాండ్ లెటర్లు. వేసవి సెలవులకు వెళ్లినప్పుడు ఆ దొంతరలో పసుపు మూలలున్న కార్డుల కోసం వెతికేదాన్ని. నాలుగు మూలలా పసుపు రాసి వచ్చిందంటే పెళ్లో, పురుడో, ఏదో శుభవార్తే. ఇంకా చదవకముందే ఇంట్లో మొహాలు వెలిగేవి. చావు కబురు మోసుకొచ్చిన కార్డు మాత్రం తీగకు ఎక్కేది కాదు. చదవగానే చింపి బయట పారేసేవాళ్లు. పాత స్టాంపులు, లేసులు, లక్క ముద్రలు పెట్టి ఉత్తరాన్ని ముస్తాబు చేయడం బయటి దేశాల హాబీ అని చాలామంది అనుకుంటారు. నాకైతే ఆ పసుపు మూలలే మనవాళ్లు ఉత్తరానికి చేసిన మొదటి అలంకారం అనిపిస్తుంది.

నాలుగేళ్లుగా నేను పాత కాగితాలతో కవర్లు చేస్తున్నాను. బెంగళూరులో నాకు ఎక్కువగా దొరికేవి 'వింటేజ్' అని రాసిన ప్యాకెట్లు. విప్పి చూస్తే కొత్త కాగితం మీద టీ మరకల బొమ్మ అచ్చేసి ఉంటుంది. స్నేహితులకైతే సరే, పెద్దమ్మకు అలాంటిది పంపబుద్ధి కాలేదు. ఈ ఉత్తరానికి వాడే ప్రతి వస్తువూ నిజంగా పాతదో, లేదా పాత పద్ధతిలో చేసిందో అయ్యుండాలి, అదీ మన నేల మీదదే కావాలి అని పట్టుబట్టాను. వారం రోజులు సెలవు పెట్టి రాత్రి రైలెక్కి కాచిగూడలో దిగాను.

శనివారం చట్టా బజార్‌కు వెళ్లాను. పాతబస్తీలో ఈ వీధంతా పెళ్లి కార్డుల షాపులు, ప్రెస్సులు. కంప్యూటర్లు రాకముందు ఉర్దూ రాతపని చేసే కాతిబుల చేతులకు ఇక్కడ తీరికుండేది కాదు. ఇప్పుడు వాళ్లు బాగా తగ్గిపోయారు. ఒక షాపు అరుగు మీద కూర్చున్న పెద్దాయన్ని రెల్లు కలం ఎక్కడ దొరుకుతుందని అడిగితే, ఆయన తన డబ్బాలోంచే ఒకటి తీసి, చిన్న చాకుతో నా ముందే ముక్కు చెక్కి ఇచ్చారు. ముందు రెల్లును ఏటవాలుగా కోశారు, తర్వాత మధ్యలో సన్నగా చీల్చారు, చివరికి కొసను ఒక్క దెబ్బతో తెగ్గొట్టారు. తెగినప్పుడు 'టక్' మని శబ్దం రావాలట. రాకపోతే మళ్లీ చెక్కాలట. ఆ కలంతో నేను తెలుగులో 'పెద్దమ్మ' అని రాశాను. ఆయన చూసి, ఏమీ అనకుండా, నా వేళ్ల మధ్య కలాన్ని కొంచెం పక్కకు తిప్పారు. మళ్లీ రాశాను. ఈసారి తలకట్టు ఎక్కడ సన్నగా మొదలవ్వాలో అక్కడ సన్నగా, ఎక్కడ లావెక్కాలో అక్కడ లావుగా వచ్చింది. బాల్‌పెన్నుతో ఇన్నేళ్లు రాశాను గానీ మన అక్షరంలో ఆ ఒంపు ఉందని నా చేతికి తెలియలేదు.

ఆదివారం ఆబిడ్స్. షాపులు మూసేసిన రోజు వాటి ముందు ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాలు పరుచుకుంటాయి. పొద్దున్నే వెళితే మంచి సరుకు దొరుకుతుంది, మధ్యాహ్నమైతే ధర తగ్గుతుంది. నేను పొద్దున్నే వెళ్లాను. పోటీ పరీక్షల గైడ్ల గుట్టల వెనకాల ఎర్రగుడ్డ అట్ట వేసిన ఖాతా పుస్తకం ఒకటి కనిపించింది. ముందు సగం లెక్కలతో నిండిపోయింది, వెనక సగం ఖాళీ. కాగితం మందంగా ఉంది. అంచులు బెల్లం రంగుకు తిరిగాయి. వెలుతురుకు ఎత్తి చూస్తే లోపల నారలు అడ్డదిడ్డంగా పరుగెడుతున్నట్టు కనిపించాయి. దౌలతాబాద్ దగ్గర కాగజీపురా అనే ఊరుంది, చేత్తో కాగితం చేయడంలో పేరున్న ఊరు, ఒకప్పుడు అదీ నిజాం సంస్థానంలోదే. నాకు దొరికిన కాగితం ఏ ఊరిదైనా, వేళ్లతో తడిమితే యంత్రం నునుపు లేదు. 200 రూపాయలకు ఇచ్చాడు.

పక్క దుకాణంలో దారంతో కట్టిన పాత ఉత్తరాల కట్ట ఉంది. "ఉభయకుశలోపరి" అని మొదలైన ఒక కార్డు రెండు లైన్లు చదివి పక్కన పెట్టేశాను. ఇలాంటివి కొని, కత్తిరించి, కవర్ల మీద అంటించేవాళ్లు ఉన్నారు. నాకది నచ్చదు. ఖాతా పుస్తకంలోనూ ఖాళీ పేజీలే వాడతాను, రాసిన పేజీ జోలికి వెళ్లను. ఒకరు ఒకరికి రాసుకున్న మాట అలంకారానికి పనికొచ్చే సరుకు కాదు.

స్టాంపులు కూడా అక్కడే దొరికాయి. నిజాం సంస్థానానికి 1869 నుంచే సొంత స్టాంపులుండేవి. నాకిష్టమైనవి 1931లో వచ్చినవి. అణా స్టాంపు మీద చార్మినార్, రెండణాల మీద హైకోర్టు, నాలుగణాల మీద ఉస్మాన్‌సాగర్, ఎనిమిదణాల మీద అజంతా గుహల ద్వారం, పన్నెండణాల మీద బీదర్ మదరసా, రూపాయి మీద దౌలతాబాద్ చాంద్‌మినార్. పై ధరలవి నా చేతికి అందవు. అణా స్టాంపులు బోలెడు దొరుకుతాయి, అందుకే 20 రూపాయలకొకటి చొప్పున ముదురు గోధుమరంగు చార్మినార్‌లు మూడు తీసుకున్నాను. ఆ స్టాంపు సంస్థానం లోపలే చెల్లేది. తెనాలేమో మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. అంటే ఆ స్టాంపు దాని కాలంలో మా పెద్దమ్మ ఊరి ఉత్తరానికి పనికొచ్చేది కాదు. ఇప్పుడు వెళ్లబోతోంది. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

ఆ రాత్రే మచిలీపట్నం రైలు. పొద్దున బందరులో దిగి, లాడ్జిలో సంచి పడేసి, బస్సులో పెడన వెళ్లాను. పది కిలోమీటర్లు ఉంటుందేమో. కాళహస్తి కలంకారీ కలంతో గీస్తారు, పెడనలో చెక్క అచ్చులతో అద్దుతారు. అసలు నేను ఇంత దూరం వచ్చింది ఈ అచ్చుల కోసమే. టేకు చెక్క మీద పువ్వులు, తీగలు చెక్కి, ఏళ్ల తరబడి బట్ట మీద కొట్టీ కొట్టీ గీతలు అరిగిపోయాక, అచ్చు పక్కన పడేస్తారు. అలాంటి అరిగిన అచ్చు కాగితానికి చక్కగా సరిపోతుంది. కొత్త అచ్చు అంచు పదునుగా ఉండి, పలచటి కాగితాన్ని కొరికేస్తుంది.

నేను వెళ్లిన షెడ్డులో నలుగురు పొడుగాటి బల్లల ముందు నిలబడి అద్దుతున్నారు. అచ్చును రంగు పెట్టెలో తాకించడం, బట్ట మీద ఆనించడం, పిడికిలితో ఒక్క గుద్దు. చూడకుండానే సరిగ్గా పక్క పువ్వుకు అతికేలా పడుతోంది. పని చేయించే పెద్దమనిషిని బాబాయ్ అని పిలిచి సంగతంతా చెప్పాను. ఆయన మూల నుంచి ఒక గోనెసంచి లాగి కుమ్మరించారు. అందులో అరచేయంత పువ్వు అచ్చు ఒకటి, ఎనిమిది రేకుల్లో ఒకటి విరిగిపోయింది. "ఇది మా నాన్నగారి టైములోదమ్మా, పనికిరాదు" అన్నారు. నాకు అదే కావాలన్నాను. 150 రూపాయలు తీసుకున్నారు.

"దేనికి కొడతావమ్మా దీన్ని?" అన్నారు.

"ఉత్తరానికి బాబాయ్. మా పెద్దమ్మకు."

ఆయన ఒక నిమిషం ఆగి, "అయితే ఇక్కడే కొట్టుకో, రంగు నేనిస్తా" అన్నారు.

అక్కడ నేను చూసినది జన్మలో మర్చిపోను. ముందు కరక్కాయ పొడి కలిపిన నీళ్లలో ఖాతా కాగితాన్ని ముంచి తీశాం. కాగితం లేత పసుపు తిరిగింది. తర్వాత నల్లరంగు. కుండలో పాత ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు వేసి వారాల తరబడి ఊరబెట్టిన రసం అది, పుల్లటి ఘాటు వాసన ముక్కుకు తగిలింది. కానీ కుండలో చూస్తే నల్లగా లేదు, మాసిన తుప్పు రంగులో ఉంది. దాంట్లో అచ్చు తాకించి కాగితం మీద ఒత్తాను. మొదట తడి మరకలా బూడిద రంగు పువ్వు కనిపించింది. ఊపిరి బిగబట్టి చూస్తుండగానే రేకు రేకూ నల్లబడింది. కరక్కాయలోని వగరు, ఇనుము కలిస్తే అలా నలుపు పుడుతుంది. పాతకాలంలో కరక్కాయ, అన్నభేది అనే ఇనుప లవణం వేసి సిరా కాచుకునేవాళ్లు కదా, అదీ ఇదీ ఒకటే సూత్రం. మన తాతలు రాసిన సిరా, మా పెద్దమ్మ నేత చీర మీద నల్ల పువ్వు, రెండూ ఒక్క కుండలోవే అన్నమాట!

ఆ సంతోషంలో తొందరపడ్డాను. రెండో కాగితం కరక్కాయ నీళ్లు పూర్తిగా ఆరకుండానే అచ్చు కొట్టేశాను. పువ్వు గీతలన్నీ పాకిపోయి, నల్లటి ముద్దయింది. వెనక వైపుకూ దిగిపోయింది. "తొందరపడితే పువ్వు పాడైపోద్దమ్మా" అన్నారు బాబాయ్ మెల్లగా. మిగతా వాటిని తీగ మీద ఆరేసి, అవి గలగలలాడేదాకా రెండు గంటలు కూర్చున్నాను. అన్నట్టు, ఈ ఇనుప రంగు చిక్కగా పడితే కొన్నేళ్లకు కాగితాన్ని తినేస్తుంది. ఇంట్లో ప్రయత్నించేవాళ్లు రసాన్ని నీళ్లతో పలచన చేసుకుని, అచ్చును ముందు ఒక పాత గుడ్డ మీద ఒకసారి ఒత్తి, ఆ తర్వాతే కాగితం మీద పెట్టండి.

ఆ రాత్రి లాడ్జి గదిలో కవరు చేశాను. పాత పోస్టల్ కవరు ఒకటి అతుకుల దగ్గర జాగ్రత్తగా విప్పి, దాన్నే కొలతగా పెట్టుకుని పువ్వు కొట్టిన కాగితాన్ని కత్తిరించాను. జిగురుకు మైదా ఉడికించి, చిటికెడు మైలుతుత్తం వేసి సీసాలో తెచ్చుకున్నాను. పుస్తకాలు కుట్టేవాళ్లు వాడేది ఇదే. పురుగు పట్టదు. అయితే విషం, పిల్లలున్న ఇంట్లో అందకుండా పెట్టాలి. స్టాంపులను గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, వెనక అంటుకున్న కాగితం ఊడొచ్చాక బోర్లా ఆరబెట్టాను. చార్మినార్‌లు మూడూ కవరు వెనక మూత దగ్గర వరసగా అంటించాను. ముందు వైపు అంటించకూడదు, చెల్లే స్టాంపుతో కలిసిపోయి పోస్టు వాళ్లను తికమక పెడుతుంది. లక్క ముద్ర వద్దనుకున్నాను. దారిలో సంచుల కింద పడి పగిలిపోతుంది, పగిలిన లక్క చూడ్డానికి ఏమీ బాగుండదు. దాని బదులు బాబాయ్ ఇచ్చిన కలంకారీ గుడ్డ అంచు సన్నగా కోసి పట్టీలా చుట్టాను.

ఆ తర్వాత రెల్లు కలంతో ఉత్తరం రాశాను. పైన శ్రీరామ చుట్టి, 'పూజ్యులైన పెద్దమ్మకు' అని మొదలుపెట్టాను. ఫోన్లో అరిచి చెప్పలేని కబుర్లన్నీ నాలుగు పేజీలు వచ్చాయి. చివర్లో లాడ్జి కింద కిరాణా కొట్లో కొన్న పసుపు నీళ్లలో తడిపి నాలుగు మూలలా వేలితో రాశాను.

మంగళవారం పెడన పోస్టాఫీసులో తూకం వేస్తే 24 గ్రాములు. 20 దాటింది కాబట్టి పది రూపాయల స్టాంపు. "ముద్ర చేత్తో వేస్తారా అండీ" అని అడిగాను. కౌంటరులో ఉన్నావిడ కవరును అటూ ఇటూ తిప్పి చూసి, పసుపు మూలలు గమనించి, "శుభమా అమ్మా?" అని నవ్వింది. ముద్ర నిదానంగా, పెడన పేరు పూర్తిగా పడేలా వేసింది.

ఉత్తరం పోస్టులో వేసి, నేను బస్సెక్కి ఆ సాయంత్రానికే తెనాలి చేరాను. పెద్దమ్మకు ఏమీ చెప్పలేదు. రెండు రోజులు పప్పుచారు, గోంగూర, పక్కింటి కబుర్లతో గడిచిపోయాయి. పోస్టుమాన్ సైకిల్ బెల్లు వినబడినప్పుడల్లా నాకు టెన్షన్. శుక్రవారం పదకొండింటికి కవరు తీసుకొచ్చాడు.

పెద్దమ్మ దాన్ని వెంటనే చింపలేదు. ముందు నాలుగు మూలలూ బొటనవేలితో తడిమింది. "ఎవరి పెళ్లే?" అంది. ఎవరి పెళ్లీ కాదని చేత్తో సైగ చేశాను. కళ్లజోడు పెట్టుకుని చార్మినార్‌లు చూసింది, నల్ల పువ్వు చూసింది, విరిగిన రేకు దగ్గర వేలు ఆపింది. కూరగాయల చాకుతో పట్టీ కోసి, కిటికీ పక్కన కూర్చుని, నాలుగు పేజీలూ రెండుసార్లు చదివింది. నేను ఎదురుగా కూర్చునే ఉన్నాను. మధ్యలో రెండుసార్లు తలెత్తి నా వంక చూసింది గానీ ఒక్క మాటా మాట్లాడలేదు.

చదవడం అయ్యాక లేచి వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్లింది. తీగ ఇంకా అక్కడే ఉంది, సగానికి పైగా ఖాళీగా. ఉత్తరాన్ని కవరులో పెట్టి, కొక్కేన్ని కొంచెం వంచి, కవరు మధ్యలో గుచ్చేసింది. తీగ సరిగ్గా నల్ల పువ్వు నడుమ నుంచి దిగింది. నా గుండె ఒక్కసారి ఆగినట్టయింది.

"వచ్చే నెల ఇంకోటి రాయవే," అంది పెద్దమ్మ, కిందికి జార్చి సర్దుతూ.