పోర్టబుల్ మిషన్‌కి టేబుల్ చేయించుకున్న కథ

సికింద్రాబాద్‌లో కుట్టు మిషన్లు అమ్మే ఏ షాపుకైనా వెళ్లి "మిషన్‌కి టేబుల్ కావాలండీ" అనండి, "కాలు స్టాండా, మోటార్ టేబులా?" అనే అడుగుతారు. వాళ్ల లెక్కలో మిషన్ అంటే ఇప్పటికీ ఆ నల్ల ఇనుప మిషనే. "కాదండీ, జిగ్‌జాగ్ కుట్టేది, తెల్లగా ఉండే పోర్టబుల్ మిషన్" అంటే "దానికి టేబుల్ ఎందుకు మేడమ్, డైనింగ్ టేబుల్ మీద పెట్టుకుంటే సరిపోతుంది" అని ఒక ఉచిత సలహా. ఆ సలహా ఇచ్చినాయన డైనింగ్ టేబుల్ మీద ఒక్క లైనింగ్ బ్లౌజు మొదటి నుంచి చివరిదాకా కుట్టి చూడాలి. భుజాలు చెవుల దాకా లేచిపోయి, సాయంత్రానికి మెడ పట్టేసి, రాత్రికి జండూబామ్ వెతుక్కోవాలి.

కారణం పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. డైనింగ్ టేబుల్ ఎత్తు సుమారు 30 అంగుళాలు. పోర్టబుల్ మిషన్‌లో సూది కింద పలక అడుగు నుంచి 3, 4 అంగుళాలు పైన ఉంటుంది. అంటే మన చేతులు 33, 34 అంగుళాల ఎత్తులో పనిచేయాలి. 18 అంగుళాల కుర్చీలో కూర్చున్న నాలాంటి ఐదడుగుల రెండంగుళాల మనిషికి మోచెయ్యి ఉండేది 27, 28 అంగుళాల దగ్గర. మధ్యలో ఆ ఐదారు అంగుళాలూ భుజాలే మోయాలి.

అమ్మ కాలు మిషన్ మీద ఈ బాధ ఎందుకు ఉండేది కాదో ఆలోచిస్తే అసలు సంగతి బోధపడింది. అందులో మిషన్ టేబుల్ మీద కూర్చోదు, టేబుల్‌లోకి దిగి ఉంటుంది. చెక్క, మిషన్ పలక ఒకే మట్టంలో ఉంటాయి కాబట్టి బట్ట జారుతూ పోతుంది, ఎక్కడా గట్టు ఎక్కి దిగే పని లేదు. పైగా ఆ కన్నం సైజు కూడా దాదాపు అన్నిటికీ ఒకటే, పద్నాలుగున్నర అంగుళాల పొడవు, ఏడు అంగుళాల వెడల్పు. అందుకే ఉషా స్టాండ్ మీద లూధియానాలో తయారైన ఇంకేదో పేరున్న హెడ్ (అంటే స్టాండు లేకుండా మిషన్ ఒక్కటే) తెచ్చి కూర్చోబెట్టినా కూర్చుంటుంది. వెనక రెండు బందులు, మిషన్‌ని వెనక్కి వాల్చి కింద నూనె వేసుకోవచ్చు. (అన్నట్టు, 1851లో సింగర్ తెచ్చిన మొదటి మిషన్‌కి వేరే స్టాండే లేదట, అది ప్యాక్ అయి వచ్చిన చెక్క పెట్టెనే స్టాండ్‌గా వాడుకునేవారట. అప్పటివాళ్లే నయం.)

పోర్టబుల్ మిషన్లకి ఆ వీలు లేదు. ఒక్కో మోడల్‌ది ఒక్కో ఆకారం, మూలలు గుండ్రంగా, ఎడమ పక్క ఊడదీసే అటాచ్‌మెంట్ డబ్బా, కుడి పక్క ప్లగ్గు. అందరికీ సరిపోయే కన్నం ఉండదు కాబట్టి రెడీమేడ్‌గా అమ్మేవాళ్లు చాలామంది అసలు కన్నమే పెట్టరు. ఆన్‌లైన్‌లో "సూయింగ్ టేబుల్" అని కొడితే వచ్చేవాటిలో సగం మామూలు మడత టేబుళ్లే, పక్కన దారాల రీళ్లకి రెండు అరలు తగిలించి పేరు మార్చారు. పార్టికల్ బోర్డు, సన్న కాళ్లు. జిగ్‌జాగ్ పెట్టి కాస్త స్పీడుగా తొక్కితే టేబులంతా ఊగుతుంది, కత్తెర దానంతటదే అంచు దాకా నడిచి వస్తుంది. ఐకియాలో కూడా చూశాను, డెస్కులు గట్టిగా, అందంగానే ఉన్నాయి, కానీ డెస్కు అన్నాక ఎత్తు 73 నుంచి 75 సెంటీమీటర్లు, మళ్లీ అదే 29, 30 అంగుళాల గొడవ. ఎర్రగడ్డ ఆదివారం సంతలో పాత కాలు స్టాండు దొరికితే దానిమీద ప్లైవుడ్ వేసి పెట్టుకోమని మా ఆడపడుచు చెప్పింది. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది, నిజమే. కానీ దానిమీద పెట్టినా ఎత్తు తగ్గదు కదా వదినా అంటే "నీకన్నీ లెక్కలే" అంది.

ఇక వడ్రంగిని పిలవడమే మిగిలింది. మా అపార్ట్‌మెంట్‌లో కప్‌బోర్డుల పని చేసే ఆచారిగారు వచ్చి నా బొమ్మ చూసి కాసేపు ఏం మాట్లాడలేదు.

"కొత్త షీటుకి బొక్క కొట్టమంటారా అమ్మా?"

"కొట్టాలి ఆచారిగారూ. కానీ నడిమధ్యలో కాదు, కుడివైపుకి, ముందు అంచుకి దగ్గరగా."

"మరి ఆ బొక్కలోంచి మిషన్ కింద పడదూ?"

కింద పడకుండా ఒక అర వేలాడదీయాలి, దానిమీద మిషన్ కూర్చుంటుంది. ఇక్కడే అసలు చిక్కు. అర ఎంత కిందికి దిగితే చేతులకి అంత హాయి, తొడలకి అంత ఇరుకు. టేబుల్ పైభాగం 28 దగ్గర పెడదామనుకున్నాను. అక్కడి నుంచి మిషన్ మూడున్నర అంగుళాలు దిగాలి, అర చెక్క మందం ఇంకో ముప్పావు, అప్పుడు అర అడుగుభాగం 24 కిందికి వచ్చేస్తుంది. కుర్చీలో కూర్చుంటే నా తొడల పైభాగం ఇరవైమూడున్నర. కాలు పెడల్ మీద పెట్టి మడమ కాస్త లేపితే చాలు, మోకాలు అరకి తగులుతుంది. అందుకని 29కి ఒప్పుకున్నాం. మోచేతి కంటే ఒక అంగుళం పైన, భరించొచ్చు. మీరు చేయించుకుంటే ఈ కొలతలు నా దగ్గర తీసుకోకండి, మీ కుర్చీలో, చెప్పులతో కుట్టే అలవాటుంటే చెప్పులతోనే కూర్చుని మీవి కొలుచుకోండి.

కన్నం కోసం మిషన్‌ని అట్ట మీద పెట్టి చుట్టూ పెన్సిల్‌తో గీసి, ఆ అట్ట కత్తిరించి ఆయనకిచ్చాను. చుట్టూ పావు అంగుళం ఖాళీ, కుడివైపు మాత్రం రెండంగుళాలు, ఎందుకంటే స్విచ్చు, ప్లగ్గు అక్కడే. ఆ ఖాళీని తర్వాత చిన్న ముక్కతో మూసేశాం, బట్ట అందులో ఇరుక్కోకుండా.

ఇంకోటి, ఇది ఎవరూ చెప్పరు. మీ మిషన్‌లో బాబిన్ (కింది దారం చుట్టే చిన్న రీలు) పైనుంచి వేసేదా, ముందు నుంచి వేసేదా చూసుకోండి. పైనుంచి వేసేదైతే గొడవ లేదు. మాది ముందు నుంచి, అంటే అటాచ్‌మెంట్ డబ్బా తీసి, లోపలి మూత తెరిచి, షటిల్ దగ్గరికి చెయ్యి పోనిచ్చి బాబిన్ కేస్ లాగాలి. మిషన్ టేబుల్‌లోకి దిగాక ఆ మూత చెక్క వెనక ఉండిపోతుంది. దానికోసం మిషన్ ముందున్న చెక్క పట్టీని బందులతో చేయించాను, ఎత్తితే పైకి లేస్తుంది, చెయ్యి కిందికి పోతుంది. బాబిన్ దారం అయిపోయేది ఎప్పుడూ సరిగ్గా లంగా అంచు మధ్యలోనే కాబట్టి ఈ పట్టీ లేకపోతే మిషన్ మొత్తం పైకి ఎత్తాల్సిందే. మిషన్ బరువు ఆరేడు కిలోలు, ఊరికే ఎత్తి దించే సరుకు కాదు.

మిగతాదంతా మామూలే. పైన 19 ఎంఎం ప్లైవుడ్, సన్‌మైకా లేతరంగుది (ముదురు రంగయితే నల్ల దారం, సూదులు కనపడవు), వెల్డింగ్ షాపులో చేయించిన ఇనుప కాళ్లు, అడ్డ కడ్డీ ముందు కాకుండా వెనకవైపు. అర నాలుగు థ్రెడ్ రాడ్ల (పొడవునా మరలున్న ఇనుప కడ్డీల) మీద వేలాడుతుంది, నట్లు తిప్పి కాస్త పైకీ కిందికీ జరుపుకోవచ్చు. చేతుల మడతలు, ప్యాంట్ల కింది అంచులు కుట్టేటప్పుడు మిషన్ చుట్టూ చెక్క ఉండకూడదు, డబ్బా తీసేసి ఆ సన్న భాగానికి బట్ట తొడగాలి. అందుకు విదేశాల్లో క్యాబినెట్లకి మిషన్ దానంతటదే పైకి లేచే లిఫ్టులుంటాయి. ఇక్కడ నాకు మూడున్నర అంగుళాల చెక్క పెట్టె ఒకటి, మిషన్ ఎత్తి దాని కింద తోస్తాను. ఫ్యాషన్‌గా ఉండదు, పనవుతుంది.

ఎడమ పక్క రెండడుగుల పైనే ఖాళీ వదిలించాను. పట్టు పరికిణీ చుట్టుకొలత నాలుగు మీటర్లు, దాని బరువంతా ఎడమ పక్క కిందికి వేలాడితే సూది దగ్గర బట్ట వంకరగా లాగేస్తుంది, కుట్టు ఎంత జాగ్రత్తగా వేసినా అంచు పాములా పోతుంది. ఇప్పుడు బట్ట టేబుల్ మీదే కుప్పగా పడి ఉంటుంది, తనంతట తానే వెళ్తుంది.

ఇంత ఖర్చు పెట్టడం ఇష్టం లేనివాళ్లు ఉన్న డైనింగ్ టేబులే ఉంచుకుని కుర్చీ మీద గట్టి దిండు వేసుకుని కూర్చోవచ్చు. అయితే కాళ్లు గాల్లో వేలాడతాయి, పెడల్ కింద అంతే ఎత్తు పీట వేయాలి, పీట నున్నటి టైల్స్ మీద జారకుండా కింద రబ్బరు మ్యాట్ ముక్క అతికించాలి. నా కొత్త టేబుల్ కింద కూడా పెడల్ అలాగే జారుతుంటే ఆ మ్యాట్ ముక్కే వేశాను. చక్రాలు పెట్టిస్తానని ఆచారిగారు అన్నారు కానీ వద్దన్నాను, అసలే ఊగకూడదని చేయించుకున్న టేబుల్.