తాకితేనే తెలిసేది
మట్టి పని ఆటిజం ఉన్నవాళ్లకి మంచి థెరపీ అట కదా అని మొన్న చెన్నై దగ్గర చోళమండలం కళాకారుల గ్రామంలో ఒకావిడ అడిగారు. థెరపీ కాదండీ, అది నా పని. థర్మకోల్ కీచుమంటే నాకు పళ్లు జివ్వుమంటాయి, సుద్దముక్క అసలు పట్టుకోలేను. వాటి జోలికే పోను. బంకమట్టిలో మాత్రం ఇసుక కాస్త ఎక్కువే కలుపుతాను. ఆ గరుకు వేళ్లకి తగులుతుంటే కుండ అంచు ఎక్కడ పలచబడిందో కళ్లు మూసుకుని చెప్పేస్తాను. చెన్నై ఉక్కకి మట్టి త్వరగా ఆరదు (జనం తిట్టుకునే ఉక్క నాకు కలిసొచ్చింది). ఈ స్పర్శ, శబ్దాల తేడాల్ని డాక్టర్ల పుస్తకం డీఎస్‌ఎం-5 ఆటిజం లక్షణాల్లో చేర్చింది 2013లో. మా అమ్మ అంతకుముందే నా చొక్కాల లేబుళ్లన్నీ కత్తిరించేసింది. వచ్చే నెల నా కుండల ప్రదర్శన. 'తాకరాదు' బోర్డు మాత్రం పెట్టనివ్వను.