టేపు సాగిపోయిందనుకున్నాను

2001లో రాజంపేట నుంచి కువైట్ వెళ్ళాను. పద్దెనిమిదేళ్ళు ఒకే ఇంట్లో కారు నడిపాను. అక్కడి పద్ధతి ప్రకారం ఆ ఇంటి పెద్దాయనను ‘బాబా’ అని పిలిచేవాళ్ళం. ఆయన ఎప్పుడూ వెనక సీట్లో కూర్చోలేదు. నా మీద ప్రేమతో అనుకునేరు, టేపు రికార్డరు ఆయన చేతికి అందాలి కదా!

మొదటి వారంలోనే ఒక క్యాసెట్ పెట్టారు. సాల్మియా దాటినా వాయిద్యాలే మోగుతున్నాయి, పాట మొదలు కాలేదు. చివరికి ఒక ఆడగొంతు వచ్చింది. లోతైన గొంతు, బరువైన గొంతు. కానీ ఒక స్వరం దగ్గర ప్రతిసారీ జారుతోంది. ఇంటికి రాగానే వంట చేసే గోదావరి అక్కకు చెప్పాను. ఆమెకు అరబ్బీ బాగా వచ్చు. ‘అక్కా, బాబా టేపు సాగిపోయింది, కొత్తది కొనుక్కోమని చెప్పు’ అన్నాను. అక్క యథాతథంగా చెప్పేసింది. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వారు. ఆ తర్వాత ఆరు నెలలపాటు ఇంటికి వచ్చిన ప్రతి అతిథికీ నన్ను చూపించి ఆ కథ చెప్పారు. అరబ్బులంతా నెత్తిన పెట్టుకునే ఈజిప్టు గాయని ఉమ్ కుల్సూమ్‌కు శ్రుతి తప్పిందన్న మొదటి మనిషిని నేనేనట.

నా వైపు న్యాయం కూడా వినండి. మా నాన్న పౌరాణిక నాటకాలకు హార్మోనియం వాయించేవాడు. నా చెవి ఆ పెట్టె దగ్గరే పెరిగింది. రెండు శ్రుతిలో షడ్జం, అంటే ‘స’, పెట్టుకుంటే దాని పక్కన ఒక నల్లమెట్టు, ఆ పైన ఒక తెల్లమెట్టు ఉంటాయి. ఆ పాటలో రిషభం, అంటే ‘రి’, ఈ రెంటిలో దేని మీదా వాలడం లేదు, నడిమధ్యన నిలబడుతోంది. మనకు రాగాలున్నట్టు వాళ్ళకు మఖామ్‌లున్నాయి. వాటిలో బయాతీ అనేదానికి ప్రాణం ఆ నడిమి స్వరంలోనే ఉందని తెలుసుకోవడానికి నాకు రెండేళ్ళు పట్టింది. బాబా పాఠాలేమీ చెప్పలేదు. ఆ చోటు రాగానే డాష్‌బోర్డు మీద వేలితో కొట్టి ‘ఇస్మా, ఇస్మా’ అనేవారు. విను అని. అంతే.

నా రెండో ఫిర్యాదు, టేపు ఇరుక్కుపోయిందని. పాడిన చరణమే పాడుతుంది, మళ్ళీ పాడుతుంది, పదోసారి కూడా పాడుతుంది. వెనక జనం కేకలు. కొన్నాళ్ళకు ఆ కేకలే నాకు తోవ చూపించాయి. మా ఊరి తిరునాళ్ళలో కాటిసీను నడుస్తుండగా పద్యం చివర రాగం తీయగానే జనం ‘వన్స్ మోర్’ అని అరుస్తారు. కాటిలో కొడుకు శవం పక్కన ఉన్న హరిశ్చంద్రుడు ఆ కేకకు లేచి, పద్యం మళ్ళీ ఎత్తుకుంటాడు. కైరోలో జరుగుతున్నదీ అదే. ఆమె పాడుతుంది, జనం ‘అల్లా’ అని నిట్టూరుస్తారు, మళ్ళీ పాడమంటారు. రెండోసారి అదే మాటను ఇంకో దారిలో తిప్పి తెస్తుంది. పాడేవాళ్ళూ వినేవాళ్ళూ కలిసి ఎక్కే ఆ మత్తుకు వాళ్ళు పెట్టుకున్న పేరు తరబ్. 1934లో ఈజిప్టు రేడియో మొదలయ్యాక దశాబ్దాలపాటు నెలలో మొదటి గురువారం రాత్రి ఆమె కచేరీ ప్రసారమయ్యేది. కుర్రతనంలో ఆ రాత్రి కోసం రేడియో ముందు కాచుకుని కూర్చునేవాణ్ణని బాబా చెప్పేవారు. 1975లో ఆమె పోయింది. ఆయన కారులో మాత్రం పోలేదు.

ఈ పాతకాలపు మనుషులు కొత్త వాయిద్యాలంటే మండిపడతారనుకున్నాను. తీరా చూస్తే, 1964లో మహమ్మద్ అబ్దుల్ వహాబ్ ఆమెకు మొదటిసారి బాణీ కట్టిన ‘ఇంత ఉమ్రీ’ అనే పాటలో ఎలక్ట్రిక్ గిటారు ఉంది! బాబా దాన్ని కూడా తాతల ఆస్తిలాగే వినేవారు. అంతకుముందే, 1932లో కైరోలో అరబ్బు సంగీతం మీద పెద్ద సమావేశం జరిగింది. హంగేరీ నుంచి బార్టోక్ అనే పేరున్న స్వరకర్త కూడా వచ్చాడు. అక్కడ పియానో మీద వాదం నడిచింది. నడిమి స్వరాలు పలకని పెట్టెను అరబ్బు సంగీతంలోకి రానివ్వవచ్చునా అని. ఆ సంగతి చదివినప్పుడు నాకు నాన్న గుర్తొచ్చాడు. 1940లో ఆకాశవాణి హార్మోనియాన్ని దాదాపు ఇదే నేరానికి వెలివేసింది, ముప్పై ఏళ్ళకు గానీ సడలించలేదు. నాన్న దృష్టిలో అది ఢిల్లీ వాళ్ళ కుట్ర.

ఒకసారి సెలవుకు వచ్చినప్పుడు నాన్నకు ఆ పాట వినిపించాను. మొదట ముఖం చిట్లించాడు. తర్వాత హార్మోనియం ముందుకు లాక్కుని, నల్లమెట్టూ తెల్లమెట్టూ కలిపి నొక్కాడు. పిల్లి తోక తొక్కినట్టు మోగింది. ‘మన పెట్టెలో ఈ అమ్మ లేదురా’ అని మూత వేశాడు.

అయితే బాబాకు ఉమ్ కుల్సూమ్ కన్నా ప్రాణమైనది ఇంకొకటి ఉంది. సౌత్. దక్షిణం కాదు, అరబ్బీలో ఆ మాటకు గొంతు అనీ ధ్వని అనీ అర్థం. కువైట్ సొంత సంగీతం అది. ఊద్ అనే తీగవాయిద్యం ఒకటి, చేత్తో పట్టుకుని వాయించే మిర్వాస్ అనే చిన్న డోలు, చుట్టూ కూర్చున్నవాళ్ళ చప్పట్లు. దివానియాలో, అంటే మగవాళ్ళు చేరి కబుర్లు చెప్పుకునే గదిలో, కొన్ని రాత్రులు పాడుకునేవారు. చెప్పులు విడిచే చోట కూర్చుని వినేవాణ్ణి. వాళ్ళ చప్పట్లు మన భజన తాళంలా అందరివీ ఒక్కచోట పడవు, ఒకరి చప్పట్ల సందులో ఇంకొకరివి పడతాయి. నేను ఎన్నిసార్లు ప్రయత్నించినా తప్పేవాణ్ణి.

ఈ సౌత్‌కు పితామహుడిగా కువైట్‌వాళ్ళు చెప్పుకునే అబ్దుల్లా అల్ ఫరజ్ 1836లో పుట్టాడు. పెరిగింది, సంగీతం నేర్చుకుంది బొంబాయిలో. ఇది విన్న రోజు నేను స్టీరింగ్ మీద కాస్త నిటారుగా కూర్చున్నాను. ఆ రోజుల్లో ఇరాక్‌లోని బస్రా ఖర్జూరాలు ఓడల్లో మన పడమటి తీరానికి వచ్చేవి, తిరుగు ప్రయాణంలో కలప వెళ్ళేది. 1961 దాకా కువైట్‌లో చలామణి అయినదీ రూపాయే. ఒకప్పుడు వాళ్ళు ఇటు వచ్చి సంపాదించుకున్నారు, తర్వాత మా కడప జిల్లా సగం అటు వెళ్ళింది.

కొత్త పాటలు నాకు చేరవేసినవాడు పక్క భవనం కాపలాదారు. ఈజిప్టువాడు. అతని ఫోనులో ఎప్పుడూ మహ్రగానాత్ మోగేది. కైరో శివార్ల పేదవాడల కుర్రాళ్ళు ఇంట్లో కంప్యూటర్ మీద తయారుచేసి, పెళ్ళిళ్ళలో మోగించిన పాటలవి. బాబా కిటికీ అద్దం ఎత్తేసేవారు. నాకు మాత్రం నచ్చేవి, ఇప్పటికీ నచ్చుతాయి. వాళ్ళు వాడే ఆటోట్యూన్ అనే సాఫ్ట్‌వేర్, గొంతును దగ్గర్లోని మెట్టు మీదికి ఈడుస్తుంది, అచ్చం మా నాన్న పెట్టెలాగే. ఈ కుర్రాళ్ళు దాని పట్టులోనే గొంతును విదిలిస్తారు, ఆ కుదుపులోనే పాట పుడుతుంది. 2020 ఫిబ్రవరిలో కైరో స్టేడియంలో ఒక కచేరీ అయ్యాక అక్కడి సంగీతకారుల సంఘం ఈ పాటలను నిషేధించింది. అప్పటికి నేను ఊరికి వచ్చేశాను. కాపలాదారు కోపంతో నాకు వాయిస్ మెసేజ్ పంపాడు. నిషేధించిన పాటే వెనక మోగుతోంది.

గాజీ అల్ ములైఫీ అనే కువైట్ గిటారిస్టు పాటలు మాత్రం బాబాకు వినిపించాలని ఉండేది. అతని తాత ముత్యాల ఓడకు నాయకుడు. ఆ ఓడల్లో పనివాళ్ళకు ఊపునివ్వడానికి నహ్హామ్ అనే పాటగాడు ఉండేవాడు. ఆ సముద్రపు లయలనే జాజ్‌తో కలిపి ఇతను తన బృందంతో వాయిస్తాడు. బృందం పేరు బూమ్ దివాన్. బూమ్ అంటే ఓడ. వినగానే దివానియా చప్పట్లు గుర్తొచ్చాయి. అప్పటికే బాబా లేరు.

పాత కారు అమ్మినప్పుడు ఆ ఇంటివాళ్ళు క్యాసెట్లన్నీ ఒక సంచిలో వేసి నాకిచ్చారు. ఇరవై మూడు. ఇంట్లో ఉన్న టేపు రికార్డరు పోయిన నెలలో ఆగిపోయింది. బాగుచేసేవాడు విప్పి చూసి, ఈసారి నిజంగానే సాగిందన్నాడు. టేపు కాదు, లోపలి బెల్టు. అది చెన్నై నుంచి రావాలట. వచ్చే వారం రమ్మన్నాడు.