మా పాప మినుయెట్‌ల పోయిన షార్ప్

మా పాప పియానో నేర్చుకోబట్టి రెండేండ్లాయె, ప్రతి ఆదివారం హన్మకొండ నుంచి కాజీపేటకు మేడమ్ దగ్గరికి తీస్కపోత. మొన్న ఎండాకాలం మేడమ్ మినుయెట్ ఇన్ జి అనే చిన్న పియానో పాట మొదలువెడ్దాం, నోట్స్ (పాట స్వరాలు అచ్చేసిన కాయితాలు) తెచ్చుకోండ్రి అని చెప్పి ఊరికి పోయింది. నేనేం జేసిన, నెట్ల ముందు దొరికిన ఫ్రీ పీడీఎఫ్ దించి సుబేదారిల జిరాక్స్ తీపిచ్చి స్పైరల్ బైండింగ్ గూడ ఏపిచ్చిన.

మేడమ్ వచ్చేదాక మూడు వారాలు పాప ఒక్కతే పట్టింది. రెండో సగంల ఒక కాడికి రాంగనే చెవికి ఏదో గుచ్చినట్టయ్యేది గని నాకు సంగీతం తెల్వదు, ఊకున్న. మేడమ్ విని పేజీ దగ్గరికి గుంజుకొని చూసి 20వ బార్ (నిలువు గీతల నడుమ గడి) మీద వేలు పెట్టింది. పాట అక్కడ జి స్కేల్ నుంచి డి స్కేల్‌లోకి తిరుగుతది, సి స్వరం ముందట షార్ప్ (స్వరాన్ని అర మెట్టు పైకి లేపే గుర్తు) ఉండాలె, మా కాపీల లేదు! "ఇది ఎవరు అచ్చేసిండ్రన్నా?" అంటే నా దగ్గర జవాబు లేదు, ఎవరో కంప్యూటర్ల కొట్టి పెట్టింది. పాప తప్పేం లేదు, ఉన్నది ఉన్నట్టు వాయించింది, ఆ వేళ్లను మళ్ల మలపనీకి నెల దాటింది.

ఇంకో ముచ్చట, పైన బాక్ (జర్మనీ సంగీతకారుడు) అని ఉంటది గని ఆ పాట క్రిస్టియన్ పెట్జోల్డ్ అనే ఇంకో సంగీతకారునిది అట, 1725ల బాక్ భార్య అన్నా మాగ్దలేనా కోసం పెట్టిన నోట్‌బుక్‌ల ఉంది గాబట్టి అందరు బాక్‌దే అనుకున్నరు, 1970లలో గని తేలలేదు. ఆ రాతప్రతిల గట్టిగ, మెల్లగ అనే గుర్తులు లేవు, మా పీడీఎఫ్‌ల మాత్రం అడుగడుక్కీ ఉన్నయి. గుర్తులు పెడితే తప్పు గాదు, ఎవరు పెట్టిండ్రో చెప్పకపోతేనే పరేషాన్ అన్నది మేడమ్.

ఆమె చెప్పినట్టే హైదరాబాద్ నుంచి హెన్లే అనే పబ్లిషర్ అర్‌టెక్స్ట్ (పాత ప్రతులతోని సరిచూసి అచ్చేసిన పుస్తకం) తెప్పిచ్చిన, నీలం అట్ట. ఎడిటర్ ఎవరు, ఫింగరింగ్ (ఏ స్వరానికి ఏ వేలు అనే అంకెలు) ఎవరు రాసిండ్రు అన్నీ ముందట్నే ఉంటయి, పాత ప్రతుల లేకుండ వీళ్లు కలిపిన గుర్తులు బ్రాకెట్ల ఉంటయి. ఐఎంఎస్ఎల్‌పీ అనే వెబ్‌సైట్ల పాత అచ్చులు ఫ్రీగనే దొరుకుతయి, అండ్ల గూడ ఏ పబ్లిషర్, ఏ సంవత్సరం అని చూసి దించాలె. అయితే చిన్నపిల్లల చేతికి హెన్లే ఫింగరింగ్ అన్నిచోట్ల అందదు, మేడమ్ పెన్సిల్‌తోని మార్చి రాసిచ్చింది.

స్పైరల్ కాపీ వెనక పేజీలల్ల పాప ఇప్పుడు బొమ్మలు గీస్కుంటది. 20వ బార్ కాడ మాత్రం ఇంకా ఒక్క సెకన్ ఆగుతది.