మొక్కుకున్న రెండు రకాతులు

"రిజల్ట్ వచ్చేసిందిగా, పాసైతే చదువుతానని మొక్కుకున్న నమాజు ఇప్పుడే చదివేస్తా" అంటూ చెల్లి జానిమాజ్ (నమాజు చాప) పరిచేసింది. అప్పటికే సాయంత్రం చదివే అసర్ నమాజు అయిపోయింది.

"ఆగవే, పొద్దు గూకాక మగ్రిబ్ నమాజు కానీ" అంది దాదీ, మా నానమ్మ.

మేం ఇస్లాం ధర్మశాస్త్రంలో హనఫీ పద్ధతి పాటిస్తాం. అసర్ ఫర్జ్ (తప్పనిసరి నమాజు) అయ్యాక పొద్దు గూకేదాకా నఫిల్ (ఇష్టంతో అదనంగా చదివే నమాజు) చదవం. మొక్కుకున్న నమాజుకూ అదే లెక్క.

"పైకి అన్నావా, లోపలే అనుకున్నావా?" అనీ అడిగింది దాదీ. నియ్యత్‌కు, అంటే సంకల్పానికి, మనసు చాలు, మొక్కు మాత్రం నోటితో అనాలి. మామూలు నఫిల్ వదిలేస్తే పాపం లేదు. "పాసైతే రెండు రకాతులు (నమాజులో ఒక్కో ఆవృత్తి ఒక రకాతు) చదువుతా" అని పైకి అన్నాక, పాసయ్యాక, అది వాజిబ్, తప్పక చదవాల్సిందే.

మా సిరొంచలో మొక్కంటే తెలియనిదెవరికి? పక్కింటి అక్క నది దాటి కాళేశ్వరం గుడికి వెళ్లి తీర్చుకుంటుంది.

మొక్కు వల్ల రాసిపెట్టింది మారదని, అది పిసినారి చేత ఖర్చు పెట్టిస్తుందంతేనని బుఖారీ హదీసుల్లో (ప్రవక్త మాటల సంకలనంలో) ఉంది. ఆ మాట నాకు చాలా ఇష్టం. అల్లాతో షరతు దేనికి, ముందే చదువుకోవచ్చుగా అనిపిస్తుంది. కానీ పరీక్షల టెన్షన్‌లో చెల్లి రాత్రుళ్లు ఏడవడం చూశాను. ఆ భయంలో అన్న మాటను తప్పు పట్టలేను.

ఈసారి పరీక్షలకు ముందే, ఏ షరతూ లేకుండా ఇద్దరం కలిసి నఫిల్ చదువుకుందామని తనతో చెప్పాలి.